హెచ్చరిక: చలానా చూసి సంతకం పెట్టకండి

మార్చి 31 దగ్గర పడుతోంది. ప్రభుత్వ ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, మున్సిపాలిటీల్లో, హాస్టళ్లలో ఎన్నో అవుట్‌సోర్సింగ్ కాంట్రాక్టులు ఆ రోజుతో ముగుస్తాయి. ఏప్రిల్ 1 పొద్దున అదే మనుషులు అదే గేటు దగ్గర, అదే వార్డులో, అదే చీపురుతో కనిపిస్తారు. వాళ్ల పైన ఉన్న ఏజెన్సీ పేరు మాత్రం మారిపోతుంది. పాత ఏజెన్సీ ఆఖరి బిల్లు తీసుకుంటుంది, డిపాజిట్ వెనక్కి తీసుకుంటుంది, బోర్డు పీకేసి వెళ్లిపోతుంది. ఎవరి పీఎఫ్ పడిందో, ఎవరిది పడలేదో అడగడానికి ఆ తర్వాత మనిషి దొరకడు. అందుకే బిల్లుల మీద సంతకం పెట్టే ప్రతి అధికారికీ ఇప్పుడే చెబుతున్నాను. పని చేసిన ప్రతి మనిషికీ జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ పేరు పేరునా అందాయని తేలేదాకా ఏ ఏజెన్సీ డిపాజిట్టూ వదలకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో రాత్రి వాచ్‌మన్‌గా చేసిన మనిషి భార్య, ఆయన పోయిన రెండు నెలలకు, ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అందులో 26 జీతం చీటీలున్నాయి. ప్రతి చీటీలోనూ పీఎఫ్ కోత ఉంది. ఆయన డ్యూటీలో ఉండగానే గుండెనొప్పితో కూలిపోయాడు. ఆయన పీఎఫ్ ఖాతాకు ఉన్న యూఏఎన్ నంబరు వెతికి పాస్‌బుక్ తీయించాం. అంతకుముందున్న ఏజెన్సీ కట్టిన కొన్ని నెలల చందా కనిపించింది. ఈ 26 నెలల్లో ఒక్క రూపాయి పడలేదు. ఏజెన్సీ అద్దెకుండే గదికి తాళం వేసి ఉంది. ఆసుపత్రి ఆఫీసుకు వెళితే, "ఏజెన్సీ వాళ్లను అడగమ్మా, మాకేం సంబంధం?" అన్నారట. ఆ మాట చెబుతూ ఆమె ఏడవలేదు. చీటీలన్నీ మళ్లీ తేదీల వారీగా సర్దుకుని కవర్లో పెట్టుకుంది.

'మాకేం సంబంధం' అన్న ఆ మాట చట్టం ముందు నిలవదు. అది తెలియక అన్నారో, తెలిసీ అన్నారో నేను చెప్పలేను. తెలియకపోతే మాత్రం ఇప్పుడైనా తెలుసుకోవాలి.

ముందు డబ్బు లెక్క చూద్దాం. తెలంగాణలో 2021లో 30 శాతం పెంచాక అవుట్‌సోర్సింగ్ వేతనాలు 15,600, 19,500, 22,750 అని మూడు మెట్లుగా ఖరారయ్యాయి. అన్నిటికన్నా కింది మెట్టునే తీసుకుందాం. పీఎఫ్‌ను 15,000 పరిమితి మీద లెక్క కడితే ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800. ఈఎస్‌ఐలో అతని వాటా 0.75 శాతం, అంటే 117. రెండూ పోను 13,683 రూపాయలు చేతికి రావాలి. యజమాని వాటా దీనికి బయట ఉంటుంది. పీఎఫ్ 1,800, బీమాకూ నిర్వహణకూ కలిపి 150, ఈఎస్‌ఐ 3.25 శాతం కింద 507, వెరసి 2,457. ఈ 2,457 ఉద్యోగి జీతంలోంచి తీయడానికి వీల్లేదని చట్టం స్పష్టంగా చెప్పింది. చాలాచోట్ల జరుగుతున్నది మాత్రం అదే. "రెండు వాటాలూ నీ జీతంలోనే ఉన్నాయి" అని చెప్పి 11,226 చేతిలో పెడతారు. వంద మంది ఉన్న ఒక ఆసుపత్రిలో ఏడాదికి ఇలా మిగిలేది 29,48,400 రూపాయలు. కోసిన సొమ్మును అసలు కట్టకుండానే ఎగ్గొడితే అది 52 లక్షలు దాటుతుంది. ఆ సొమ్మంతా నెలకు పదమూడు వేలతో ఇల్లు నెట్టుకొచ్చే మనుషులది.

ఈ దోపిడీ టెండరు కవరు తెరిచిన రోజే కనిపిస్తుంది. మనుషులను సరఫరా చేసే టెండర్లలో జీతం, చట్టబద్ధమైన చందాలు అందరికీ ఒకటే. ఏజెన్సీలు పోటీ పడేది సర్వీస్ చార్జి దగ్గరే. ఆ చార్జి అర శాతమనో, పావు శాతమనో, కొన్నిసార్లు నామమాత్రంగా రూపాయో పైసో అనో రాసిన వాడికి పని దక్కుతుంది. ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ ఏజెన్సీకి సూపర్‌వైజరు జీతం, ఆఫీసు అద్దె, బిల్లులు ఆలస్యమైతే అప్పు మీద వడ్డీ ఉంటాయి. అర శాతంతో వాటిలో ఏదీ గడవదు. కొరవ ఎక్కడి నుంచి పూడుస్తాడు? ఉద్యోగంలో పెట్టుకునేటప్పుడు లక్షో, లక్షన్నరో తీసుకుంటాడు. యూనిఫాం పేరుతో కోస్తాడు. లేదంటే పీఎఫ్ మీద పడతాడు. అతి తక్కువకు కోట్ చేసిన ఏజెన్సీని ఎంచుకుంటే ఖజానాకు ఆదా అని ఫైలులో రాసుకోవచ్చు. ఆ ఆదా ఎవరి ఇంట్లోంచి వస్తోందో ఫైలు రాసిన అధికారికీ తెలుసు.

ఇక చలానా సంగతి. ఈ వ్యాసంలో మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. బిల్లుతో పాటు ఏజెన్సీ గత నెల పీఎఫ్ చలానా జత చేస్తుంది. దాని మీద పెద్ద మొత్తం ఉంటుంది. అది చూసి సెక్షన్ క్లర్కు టిక్కు పెడతాడు, అధికారి సంతకం చేస్తాడు. ఆ చలానా ఎవరిది? ఒక ఏజెన్సీకి ఐదు ఆఫీసుల్లో కాంట్రాక్టులుంటే, ఒక ఆఫీసు వాళ్లకు చందా కట్టి, ఆ ఒక్క చలానాను ఐదు ఆఫీసుల్లోనూ చూపించవచ్చు. డబ్బు కట్టారని మాత్రమే చలానా చెబుతుంది. ఎవరికి కట్టారో చెప్పేది దాని వెనక ఉండే ఈసీఆర్, అంటే పేర్ల జాబితా. ప్రతి ఉద్యోగి పేరు, యూఏఎన్ నంబరు, ఎంత జీతం మీద ఎంత చందా అన్నది అందులోనే ఉంటుంది. ఆ జాబితాను ఒక చేత్తో, మీ ఆఫీసు హాజరు పట్టీని ఇంకో చేత్తో పట్టుకుని పేరు పేరునా సరిచూడండి. వంద పేర్లకు గంట పడుతుంది. ఏజెన్సీ ఇచ్చిన కాగితం మీద అనుమానం ఉంటే పీఎఫ్ సంస్థ వెబ్‌సైట్‌లో ఏజెన్సీ పేరు కొట్టి, ఏ నెలలో ఎంతమందికి ఎంత కట్టారో మీరే చూసుకోవచ్చు. దానికి పాస్‌వర్డు అక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు. ఐదు ఆఫీసుల్లో కలిపి 400 మందిని పెట్టిన ఏజెన్సీ 90 మందికే చందా కట్టిందంటే మిగతా 310 మంది సంగతేమిటని అడగడానికి లాయరు అక్కర్లేదు.

ఇంకో రకం మోసం కూడా ఉంది, ఇది కంటికి ఆనదు. చందా పడుతుంది, తగ్గించి పడుతుంది. జీతాన్ని ముక్కలు చేసి, బేసిక్ 8,000 అని చూపించి మిగతాదాన్ని ఏదో ఒక అలవెన్సు కింద రాస్తారు. 1,800 పడాల్సిన చోట 960 పడుతుంది. అందరికీ ఒకే తీరుగా ఇచ్చే అలవెన్సులను బేసిక్‌లో కలిపే పీఎఫ్ లెక్కించాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న తీర్పు చెప్పింది. కొత్త వేతన కోడ్‌లో కూడా అలవెన్సులు మొత్తంలో సగం దాటితే ఆ పైదంతా వేతనం కిందికే వస్తుంది.

చట్టం ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఇప్పుడు చూద్దాం. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోయినా, తక్కువిచ్చినా ప్రధాన యజమాని ఆ జీతం చెల్లించి, కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. పని చేయించుకునే ఆఫీసే ఆ ప్రధాన యజమాని. పీఎఫ్ విషయంలో 1952 స్కీము 30వ పేరా అదే మాట చెప్పింది. ఈఎస్‌ఐ విషయంలో 1948 చట్టం 40వ సెక్షనూ అంతే. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి పాత చట్టాల పేర్లు మారాయి. ఈ బాధ్యత మాత్రం మారలేదు. కాంట్రాక్టరు ఎగ్గొట్టిన జీతం ప్రధాన యజమానే ఇవ్వాలని ఆ కొత్త కోడ్‌లలో ఒకదాని 55వ సెక్షన్‌లోనూ ఉంది.

కోర్టులు కూడా ఊరుకోలేదు. పవన్ హంస్ ప్రభుత్వ రంగ సంస్థ. అక్కడి కాంట్రాక్టు ఉద్యోగులకు పీఎఫ్ వర్తించదని వాదించింది. నేరుగా జీతం తీసుకున్నా మరొకరి ద్వారా తీసుకున్నా వాళ్లూ సభ్యులేనని, చందాలు 12 శాతం వడ్డీతో కట్టాలని 2020 జనవరి 17న సుప్రీంకోర్టు చెప్పింది. కర్ణాటకలోని కొడగు జిల్లా గోణికొప్పలో ఒక ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది. అది 1975 నుంచి 1988 దాకా పీఎఫ్ నిబంధనలు పాటించలేదు. ఎగ్గొట్టాలన్న దురుద్దేశం ఉందా లేదా అన్నది చూడనక్కర్లేదు, కట్టకపోతే జరిమానా పడాల్సిందేనని 2022 ఫిబ్రవరి 23న సుప్రీంకోర్టు తేల్చింది. 'మాకు తెలియదు, ఏజెన్సీ చూసుకుంటుందనుకున్నాం' అన్న జవాబుకు అక్కడితో చోటు లేకుండా పోయింది. ఇక శాశ్వతంగా ఉండే పనులకు తాత్కాలికపు ముసుగు తొడిగి, అవుట్‌సోర్సింగ్‌ను అడ్డం పెట్టుకోవడం ప్రభుత్వ సంస్థలకు తగదని 2024 డిసెంబర్ 20న కేంద్ర జల సంఘం సఫాయి మహిళల కేసులో అదే కోర్టు కటువుగానే చెప్పింది. సంతకం పెట్టే అధికారులు ఆ తీర్పు ఒక్కసారి తెప్పించుకుని చదవాలి.

ఏజెన్సీ నడిపేవారికి కూడా ఒక మాట. ఉద్యోగి జీతంలోంచి కోసిన వాటాను కట్టకుండా ఉంచుకోవడం బాకీ కిందికి రాదు. అది నమ్మకద్రోహం నేరం కిందికి వస్తుంది. పాత శిక్షాస్మృతిలో ఉన్న ఆ నిబంధనే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్‌లో ఉంది. దానికి పైన ఏడాదికి 12 శాతం వడ్డీ, నెలకు 1 శాతం చొప్పున జరిమానా. బిల్లు రాలేదు కాబట్టి కట్టలేదన్న మాటను పీఎఫ్ అధికారి వినడు.

అయితే బిల్లు రాకపోవడమన్నది వట్టి సాకు కాదని కూడా ఒప్పుకోవాలి. రెండు మూడు నెలల బిల్లులు ట్రెజరీలో ఆగిపోతే నిజాయితీగా నడిపే చిన్న ఏజెన్సీ చితికిపోతుంది. వడ్డీకి తెచ్చి జీతాలిచ్చిన కాంట్రాక్టర్లను నేను ఎరుగుదును. ప్రభుత్వం తన బిల్లు తాను ఆపి, చందా ఎందుకు కట్టలేదని ఏజెన్సీని నిలదీస్తే ఆ మాటకు బలం ఉండదు. ఇక్కడ ఆర్థిక శాఖ చేయాల్సింది ఒకటుంది. అవుట్‌సోర్సింగ్ జీతాల పద్దును రెగ్యులర్ ఉద్యోగుల జీతాల పద్దుతో సమానంగా చూడాలి. రోడ్డు బిల్లు నెల ఆలస్యమైతే రోడ్డు ఎక్కడికీ పోదు. ఈ బిల్లు ఆలస్యమైతే ఒక ఇంట్లో రేషను ఆగుతుంది, స్కూలు ఫీజు ఆగుతుంది. మధ్యవర్తులను తీసేయాలని ఆంధ్రప్రదేశ్ 2019లో ఆప్కాస్ పేరుతో ఒక కార్పొరేషన్ ఏర్పాటు చేసింది. ఆ ఆలోచన సరైనదే. ఏజెన్సీ పద్ధతి మిగిలి ఉన్న ప్రతిచోటా మాత్రం ఈ కాపలా తప్పదు.

కొత్త కోడ్‌లలో రెండు విషయాలు నన్ను కలవరపెడుతున్నాయి. కాంట్రాక్టు కార్మికుల రక్షణలు 1970 చట్టంలో 20 మంది ఉంటే వర్తించేవి. ఇప్పుడు ఆ హద్దు 50కి పెరిగింది. 30 మంది, 40 మందితో నడిచే చిన్న ఏజెన్సీలు దాని కింద నుంచి జారిపోతాయి. పెద్ద కాంట్రాక్టును ముక్కలు చేసి 45 మంది చొప్పున పంచే తెలివి ఎవరికైనా రావచ్చు. పీఎఫ్‌కు 20 మంది, ఈఎస్‌ఐకి 10 మంది అన్న హద్దులు మారలేదు కాబట్టి, 'మాది చిన్న కాంట్రాక్టు, చట్టం మాకు లేదు' అని ఎవరన్నా అంటే నమ్మకండి. రెండోది ఇంతకన్నా అత్యవసరమైనది. పీఎఫ్ బకాయిల మీద విచారణ మొదలుపెట్టడానికి పాత చట్టంలో కాలపరిమితి లేదు. కొత్త కోడ్ ఐదేళ్ల గడువు పెట్టింది. ఏజెన్సీ మారినప్పుడల్లా పాత బాకీని తర్వాత చూద్దామని వదిలేస్తూ పోతే ఆ గడువు చేతుల్లోంచి జారిపోతుంది.

ఈఎస్‌ఐ గురించి మనవాళ్లకు ఉన్న పట్టింపు తక్కువ. 'ఆ ఆసుపత్రికి ఎవరెళ్తారులే' అంటారు. ప్రమాదం జరిగిన రోజు దాని విలువ తెలుస్తుంది. పనిలో దెబ్బ తగిలి లేవలేకపోతే వేతనంలో 90 శాతం, ప్రాణం పోతే ఆధారపడ్డ వాళ్లకు అదే లెక్కన నెలనెలా పెన్షన్ వచ్చే ఏర్పాటు అది. పేరు ఎక్కించకుండా పని చేయించి, మనిషి స్తంభం మీంచి పడ్డ మర్నాడు హడావిడిగా పేరు నమోదు చేయించే ఏజెన్సీలు ఉన్నాయి. ఆ తేదీల తేడా పట్టుబడితే కుటుంబం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. పని మొదలైన రోజే ఈఎస్‌ఐ నంబరు చేతిలో ఉండాలి. ఉండకపోతే ఆ మనిషిని నిచ్చెన ఎక్కనివ్వకండి, మ్యాన్‌హోల్ దగ్గరికి పంపకండి. రక్షణ పరికరాలు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అక్కడ ప్రాణం పోతే 30 లక్షలు, శాశ్వత వైకల్యం వస్తే 20 లక్షలకు తక్కువ కాకుండా పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. పని కాంట్రాక్టరుకు అప్పగించామన్న కారణంతో స్థానిక సంస్థ ఆ బాధ్యత నుంచి తప్పుకోలేదు.

పని చేసే అక్కలకు, తమ్ముళ్లకు చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. మీ యూఏఎన్‌కు జతచేసిన ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇవ్వండి. ఆఖరి చందా ఎంత పడిందో మెసేజ్ వస్తుంది. మెసేజ్ రాకపోతే మీ ఫోను నంబరో, ఆధారో జత కాకపోయి ఉండొచ్చు, దాన్ని ముందు సరిచేయించుకోండి. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి నెలనెలా చూడండి. ఏజెన్సీ మారినప్పుడు కొత్త యూఏఎన్ తీసుకోకండి, పాతదే ఇవ్వండి. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. నాలుగు ఏజెన్సీలు నాలుగు నంబర్లు ఇస్తే ఆ పదేళ్లు నాలుగు ముక్కలై చెల్లాచెదురవుతాయి. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పని వాళ్లకు అప్పజెప్పండి, పది నిమిషాల్లో చేసి పెడతారు.

ఏటీఎం కార్డు ఎవరికీ ఇవ్వకండి. కొన్నిచోట్ల కార్డులు, పిన్ నంబర్లు సూపర్‌వైజరు దగ్గర ఉంటాయని విన్నప్పుడు మొదట నేను నమ్మలేదు. తర్వాత రబ్బరు బ్యాండు వేసి కట్టిన కార్డుల కట్టను కళ్లారా చూశాను. జీతం అకౌంటులో పూర్తిగా పడినట్టు కాగితం మీద కనిపిస్తుంది, అందులోంచి రెండు వేలు తీసేసి మిగతాది చేతిలో పెడతారు. అలా తిరిగివ్వాలని అడిగిన రోజు, అడిగిన మనిషి పేరు, ఎంత తీసుకున్నాడో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. జీతం చీటీ ఇమ్మని అడగండి, అది ఇవ్వడం చట్టం ప్రకారం తప్పనిసరి. అడిగితే ఉద్యోగం పోతుందన్న భయం నాకు తెలుసు. ఒక్కరు అడిగితే పోవచ్చు. అదే కాగితం మీద వార్డు మొత్తం సంతకాలు పెట్టి అధికారికి ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకుంటే తీసేయడం అంత తేలిక కాదు.

ఆ వాచ్‌మన్ భార్య కేసు పీఎఫ్ ఆఫీసులో నడుస్తోంది. ఆయనకు చందా సక్రమంగా పడి ఉంటే ఆమెకు వితంతు పెన్షను, ఈడీఎల్ఐ బీమా కింద 7 లక్షల దాకా ఈపాటికే అంది ఉండేవి. ఇప్పుడు ఆ 26 చీటీలే ఆమె ఆధారం, ఆ కవరు లేకపోతే ఫిర్యాదు చేయడానికే కాగితం ఉండేది కాదు. ఆసుపత్రి హాజరు పట్టీ నకలు ఇవ్వాలని పీఎఫ్ అధికారి లేఖ రాశారు. ఆ పట్టీ ఎక్కడుందో వెతుకుతున్నారు.

మీ ఆఫీసులో పట్టీలు ఇంకా ఉన్నాయి. ఏజెన్సీ ఇంకా ఉంది, దాని డిపాజిట్ ఇంకా మీ చేతిలోనే ఉంది. ఏజెన్సీని పిలిచి గత ఏడాది ఈసీఆర్‌లన్నీ తెమ్మనండి. ఏ నెలలో ఎవరి పేరు లేదో రాయండి, ఆ జాబితాను కాపలా గది గోడ మీద అతికించండి, ఎవరైనా చూసి తమ పేరు లేదని చెప్పడానికి వారం టైము ఇవ్వండి. ఆఖరి నెల జీతం ఏజెన్సీ ఇవ్వకుండా నానిస్తే, ఆఫీసే నేరుగా ఉద్యోగుల అకౌంట్లలో వేసి, బిల్లులో ఆ మేరకు మినహాయించుకోండి. చట్టం మీకు ఆ అధికారం ఇచ్చింది, ఆ పని చేయడం మీ బాధ్యత అని కూడా చెప్పింది. లెక్క తేలాకే డిపాజిట్ ఫైలు మీద కలం పెట్టండి.